కుర్చీలోంచి చూస్తే ఆఫీసు ఎలా కనిపిస్తుంది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది శ్రీకాకుళం. చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే సంస్థ నడుపుతున్నాను. మొత్తం పదహారు మందిమి, అందులో తొమ్మిది మంది మహిళలు. ఇప్పుడున్న ఆఫీసు ఇరుకు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఒకరికి తలనొప్పి, ఒకరికి కళ్ల మంట, ఇంకొకరికి మెడ పట్టేస్తుంది. పాలకొండ రోడ్డులో ఒక మేడ మీద మొదటి అంతస్తు హాలు అయిదేళ్ల ఒప్పందానికి కుదిరింది. నలభై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. రోడ్డు వైపు, అంటే పడమర, నిలువెత్తు అద్దాలు. ఉత్తరాన సందు వైపు రెండు పెద్ద కిటికీలు. దక్షిణాన ఖాళీ స్థలం ఉంది కానీ ఆ గోడకు కిటికీ లేదు. తూర్పున మెట్లు, మెట్ల కింద దుకాణం వాళ్లకూ మనకూ కలిపి ఒకే మరుగుదొడ్డి. పైన డాబా. విశాఖ నుంచి వచ్చిన డిజైనరు ఫాల్స్ సీలింగు, గాజు క్యాబిన్లు, గుమ్మం ఎదురుగా చిన్న జలపాతం, ఒక మొక్కల గోడ గీసి తొమ్మిది లక్షలకు అంచనా ఇచ్చాడు. బొమ్మలు చూస్తే కళ్లు చెదిరాయి. ‘దీనివల్ల అక్కడ పనిచేసే వాళ్ల తలనొప్పి తగ్గుతుందా’ అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాస్తు కూడా చూడాలి. గోడలకు ఏ రంగు మంచిదో చెప్పండి.
ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: ముందుగా మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి. అడగవలసిన ప్రశ్న ఆవిడే అడిగారు.

ఆ బొమ్మలు మళ్లీ ఒకసారి తీసి చూడండి. ప్రతి బొమ్మా గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే గీసి ఉంటుంది. గుమ్మంలో నిలబడేది కాగితాలు ఇచ్చి అయిదు నిమిషాల్లో వెళ్లిపోయే పార్టీ. కుర్చీలో ఎనిమిది గంటలు, రిటర్నుల గడువు దగ్గరపడితే పది గంటలు కూర్చునేది మీ గుమాస్తా. మే నెలలో మధ్యాహ్నం మూడున్నరకు అద్దాల పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుందో ఒక్క బొమ్మ గీసివ్వమని ఆ డిజైనరును అడగండి. నాకు తెలిసి ఎవరూ గీయరు. కాబట్టి అది మీరే చూడాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక చిన్న బల్ల, మీ ల్యాప్‌టాప్ ఆ ఖాళీ హాలులోకి మోయించండి. మూడు నుంచి అయిదు దాకా నాలుగు మూలలా తలా అరగంట కూర్చుని నిజంగా పని చేయండి. నేను రాసే దానికన్నా ఆ రెండు గంటలే మీకు ఎక్కువ చెబుతాయి.

అద్దాల దగ్గర పావుగంట కూడా కూర్చోలేరు. శ్రీకాకుళం సుమారు పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జూలై చివరి దాకా నడిమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, తక్కిన కాలమంతా దక్షిణంగా. నడిమధ్యాహ్నపు ఎండ పైనుంచి పడుతుంది కనుక రెండడుగుల సన్‌షేడు చాలు. సాయంత్రపు ఎండ అలా కాదు. సూర్యుడు కిందికి దిగి ఎదురుగా నిలబడతాడు, ఏ సన్‌షేడూ అడ్డు రాదు. పైగా పడమటి గోడ అంతా అద్దమైతే ఆ గది పొయ్యే. అరసవల్లి సూర్యుడి గుడి మీకు కూతవేటు దూరం. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు లేత కిరణాలు గుడిలోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఏ నెలలో సూర్యుడు ఎక్కడుంటాడో తెలిసి గోడలు లేపిన ఊరు మీది. ఆ ఊళ్లో పడమటికి అద్దాల గోడ కట్టుకుని దాన్ని చల్లబరచడానికి మూడు ఏసీలు కొనడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

అద్దాలు ఇంటివాళ్లవి కాబట్టి వాటిని తీసేయలేరు. ఎండను మాత్రం బయటే ఆపాలి. అద్దం దాటి వచ్చాక తెర వేసినా కళ్లకు మిరుమిట్లు తగ్గుతాయి గానీ వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. బయటి వైపు తాడుతో చుట్టి పైకి లాగే వెదురు తడకలు కట్టించండి. గట్టిగా, కానీ విప్పడానికి వీలుగా. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన వైపు ఏం చేశాయో చూసిన వాళ్లం, గాలివాన కబురు రాగానే పది నిమిషాల్లో దించి లోపల పెట్టుకునేలా ఉండాలి. వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లితే చల్లగా ఉంటుందని పెద్దవాళ్లెవరో చెబుతారు. పొడిగాలి వీచే ఊళ్లకు అది దివ్యమైన ఉపాయం. సముద్రపు తేమ నిండిన మన గాలిలో మాత్రం ఆ నీళ్లు ఆరక ఒళ్లు జిడ్డు చేస్తాయి. కూలర్లూ అందుకే మన దగ్గర అంతగా పనిచేయవు.

అద్దాల పక్క ఎనిమిది అడుగుల మేర ఒక్క మనిషిని కూడా రోజంతా కూర్చోబెట్టకండి. ఫైళ్ల బీరువాలు, ప్రింటరు, పార్టీలు కూర్చునే బెంచీ, భోజనాల బల్ల అన్నీ అక్కడికి పోవాలి. జనం వచ్చిపోయే చోటే తప్ప ఉండిపోయే చోటు కాదది. పనిచేసే బల్లలన్నీ ఉత్తరపు కిటికీల వైపు జరపండి. ఉత్తరపు వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది. బల్ల వేసేటప్పుడు కిటికీ మనిషి భుజం పక్కకు రావాలి. వెనక్కి వస్తే తెర మీద కిటికీ బొమ్మ పడుతుంది. ఎదురుగా వస్తే కంటికి వెలుతురు కొట్టి తెర మసకగా కనిపిస్తుంది. మీ వాళ్ల కళ్ల మంటలో సగం దీనివల్లే అయి ఉంటుందని నా అనుమానం. మిగతా సగం ఏసీ గాలి సూటిగా ముఖానికి తగలడం, తెర చూస్తూ రెప్ప వేయడం మరిచిపోవడం. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. మీ హాలు నలభై అడుగులు. చూపు సాగడానికి దేవుడిచ్చిన దూరం. దాన్ని ఎత్తయిన గదుల కింద ముక్కలు చేయకండి. బల్లల మధ్య అడ్డు కావాలంటే నేల నుంచి నాలుగడుగులు మించకుండా పెట్టించండి.

ఇక తలనొప్పి. మధ్యాహ్నం మూడింటికి వచ్చే తలనొప్పికి టీ మందు అనుకుంటాం. నేనైతే ముందు గాలిని అనుమానిస్తాను. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్లీ మీ మీదికే వదులుతుంది. తలుపులు, కిటికీలు బిగించి పదహారు మంది కూర్చుంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తూ సాయంత్రం దాకా గడుపుతారు. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు 420 పాళ్ల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఉంటుంది. గదిలో అది 1000 దాటిందంటే గాలి మారడం లేదని గుర్తు. తల బరువు, ఆవులింతలు, పనిలో తప్పులు అలాంటి గదుల్లోనే ఎక్కువ. దీన్ని కొలిచే చిన్న పరికరాలు ఇప్పుడు కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి. ఒకటి కొని మీ పాత ఆఫీసులో మూడు గంటలకు పెట్టి చూడండి. అంకె చూశాక జలపాతం మాట మీరే మరిచిపోతారు.

మనిషికి సెకనుకు ఎనిమిది నుంచి పది లీటర్ల తాజా గాలి కావాలని లెక్క. పదహారు మందికి గంటకు దాదాపు అయిదు వందల ఘనపు మీటర్లు. పదడుగుల ఎత్తున్న మీ హాలులో మొత్తం పట్టేది 280 ఘనపు మీటర్ల చిల్లర. అంటే గంటకు రెండుసార్లయినా గదిలో గాలి మారాలి. ఇదేమీ పెద్ద యంత్రాంగం కాదు. దక్షిణపు గోడకు పైన, స్లాబుకు అడుగు కింద, రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టించి, ఉత్తరపు కిటికీలు జానెడు తెరిచి ఉంచితే సరిపోతుంది. కిటికీలోంచి వచ్చిన గాలి అందరి బల్లల మీదుగా నడిచి, వేడెక్కి, పైకి లేచి, అవతలి గోడ నుంచి వెళ్లిపోతుంది. మా విజయనగరం పాత మండువా ఇళ్లలో జరిగేదీ ఇదే, అక్కడ ఫ్యాను బదులు నడిమింటి ఆకాశం. మేస్త్రీ మాత్రం తన సులువు కోసం ఫ్యానును కిటికీ పక్కనే పెడతానంటాడు. ఒప్పుకోకండి. వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మనుషుల దాకా రాదు.

‘కిటికీలు తెరిస్తే ఏసీ చలువ పోదా’ అంటారు. కొంత పోతుంది. అందుకే ఏసీతో పాటు సీలింగు ఫ్యానులు కావాలి. ఫ్యాను తిరుగుతుంటే ఏసీ 26 దగ్గర పెట్టినా ఒంటికి 24లా ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. కిటికీ వల్ల పోయేది అక్కడ తిరిగి వస్తుంది. ఫాల్స్ సీలింగు మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. పదడుగుల గది ఎనిమిదిన్నర అవుతుంది, నెత్తికి తగులుతాయని ఫ్యానులు తీసేస్తారు, ఆ తరువాత ఏసీ తప్ప గతి ఉండదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచే పూట అందరూ మెట్ల మీదికి చేరతారు. పైగా ఆ పలకల మీద ఎలుకలు కాపురం పెడతాయి, వాటి సంసారం మొత్తం మీకు కింద వినిపిస్తూ ఉంటుంది. అయిదేళ్ల తరువాత ఖాళీ చేసినప్పుడు కుర్చీలు, ఫ్యానులు, లైట్లు మీ వెంట వస్తాయి. ఫాల్స్ సీలింగు ఇంటివాళ్లకు మీ కానుకగా మిగులుతుంది. డాబా వేడి దిగకుండా ఉండాలంటే స్లాబు కింద పలకలు కొట్టించడం కన్నా స్లాబు పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయించడం మేలు. ఏటా వేసవికి ముందు వేయించండి.

లైట్ల విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. బల్ల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు పడాలి. గుండ్రటి చిన్న లైట్లు వద్దు, అవి ఒకచోట మిరుమిట్లు, పక్కనే చీకటి గుంటలు చేస్తాయి. పాలగాజు మూత ఉన్న సాదా ఎల్ఈడీ ట్యూబులు, 4000 కెల్విన్ రంగువి (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు), బల్లల వరుసకు సమాంతరంగా వేయించండి. నీలంగా మెరిసే 6500 రకం బట్టల దుకాణాలకు వదిలేయండి. మీ పని తెరతోనే కాదు, సగం చెరిగిపోయిన బిల్లులతో కూడా కాబట్టి నలభై దాటిన వాళ్లకు ఒక్కొక్క బల్లలైటు ఇవ్వండి.

కుర్చీల దగ్గర నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట విజయనగరంలో ఒక ఆఫీసుకు లోపలి పని నేను చూశాను. ముప్పై అంగుళాల ఎత్తున బల్లలు, ఒకే రకం నల్ల రెగ్జిను కుర్చీలు, అన్నీ వరుసగా సైనికుల్లా ఉండేవి. నాకు మహా ముచ్చటగా ఉండేది. ఆరు నెలల తరువాత ఏదో పని మీద వెళితే మూలబల్ల కింద రెండు పాత లెడ్జర్లు, వాటి మీద మడిచిన గోనెసంచి కనిపించాయి. అక్కడ పనిచేసే అమ్మాయి మెల్లగా చెప్పులు విడిచి కాళ్లు వాటి మీద పెట్టుకుంది. తరువాత వంగి చూస్తే పై లెడ్జరు అట్ట మీద రెండు మడమల గుంటలు దిగి ఉన్నాయి. ఆమె ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కుర్చీ దించితే బల్ల గడ్డం దాకా వచ్చేది, ఎత్తితే కాళ్లు గాలిలో వేలాడేవి. ఆరు నెలలు ఆమె తన ఒంటిని నా బల్లకు సరిపెట్టుకుంది. బల్ల చేయించే ముందు ఎవరి ఎత్తు ఎంతో నేను అడగలేదు.

కాబట్టి మీరు అడగండి. పదహారు మంది ఎత్తులూ ఒక కాగితం మీద రాసుకోండి. బల్లలు ఇరవై ఎనిమిది అంగుళాలకు చేయించండి. పొడుగువాళ్ల బల్ల కాళ్ల కింద చెక్కముక్కలు వేసి లేపవచ్చు, పొడుగువాళ్ల కోసం చేసిన బల్లను పొట్టివాళ్ల కోసం కోయడం కష్టం. కుర్చీ సరిచేసేటప్పుడు వరుస ముఖ్యం. మొదట మోచెయ్యి బల్ల మట్టానికి వచ్చేలా కుర్చీ ఎత్తు పెట్టాలి. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే వడ్రంగి చేత ముందుకు కాస్త వాలిన పీట చేయించి ఇవ్వాలి. వెనక్కి ఆనుకుని కూర్చుంటే మోకాలి మడతకూ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. నడుము వంపుకు ఆనిక తగలాలి. వీపు వైపు రెగ్జిను వద్దు, మన ఉక్కకు చొక్కా అంటుకుపోతుంది. వల అల్లిక ఉన్నవి చూడండి. తెర చేతి దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి గానీ కొద్దిగా కిందికి గానీ ఉండాలి. ల్యాప్‌టాప్ మీద పనిచేసే వాళ్లకు దాన్ని ఎత్తు మీద పెట్టి, కీబోర్డు, మౌసు విడిగా ఇవ్వండి. లేకపోతే మెడ నొప్పి తగ్గదు, ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా సరే. పూర్వం దుకాణాల్లో గుమాస్తాలు నేల మీద కూర్చుని ఏటవాలు రాతపెట్టె మీద లెక్కలు రాసేవారు. రాత కంటి వైపుకు లేచి ఉండేది. మనం బల్లలు, కుర్చీలు తెచ్చుకుని ఆ వాలు ఒక్కటి వదిలేశాం. అరగంటకోసారి లేచి నడవడమూ అంతే అవసరం. మంచినీళ్ల కుండ, ప్రింటరు దూరంగా ఉంటే ఎవరూ చెప్పనక్కరలేకుండానే లేస్తారు.

మంచినీళ్ల మాట వచ్చింది కాబట్టి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం గురించి. అది ‘మెట్ల కింద దుకాణం వాళ్లకూ మనకూ కలిపి ఒకే మరుగుదొడ్డి.’ తొమ్మిది లక్షల్లో మొదటి రూపాయి ఇక్కడ పడాలి. అలాంటి చోట ఆడవాళ్లు ఏం చేస్తారో మీ ఆవిడను అడగండి. పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దాని వెంట మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, తలనొప్పి, ఎండాకాలంలో రాళ్లు. మూత్రపిండాల వ్యాధితో సతమతమయ్యే ఉద్దానం ప్రాంతం ఉన్న మీ జిల్లాలో వాటి గురించి భయపెట్టాల్సిన పని నాకు లేదు. ఆ వ్యాధికి కారణం వేరే పెద్ద చర్చ, ఇంకా తేలనిది. కానీ పనిచేసే మనిషి దాహాన్ని అణచుకోవలసిన చోటు ఆరోగ్యకరమైన ఆఫీసు కాదు. హాలు తూర్పు మూల నీటి గొట్టాలు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి, లోపలే మహిళలకు విడిగా ఒకటి కట్టించండి. లోపలి గడియ, కొక్కెం, చెత్తబుట్ట, బయటికి గాలి పోయే చిన్న ఫ్యాను ఉండాలి. ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే ఆ హాలే వద్దనుకోండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. గాజు క్యాబిన్లు, పలకల నేల, నునుపు గోడలు కలిస్తే ఒకరు ఫోనులో మాట్లాడేది పదిహేను మందికి రెండుసార్లు వినిపిస్తుంది. ఫోను మాటలకు ఒక్క చిన్న గది చాలు. హాలులో మందపాటి నూలు తెరలు, గోడకు గుడ్డ అంటించిన నోటీసు బోర్డులు, ఫైళ్ల అరలు ధ్వనిని పీల్చుకుంటాయి. తెరలకు పొందూరు ఖద్దరు వేయిస్తానని మాత్రం అనకండి, అది ఒంటి మీద కట్టుకునేది. జలపాతం వద్దే వద్దు, ఉన్న తేమ చాలదా? మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి పాకింది. మామూలు గదిలో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పదుల నుంచి వందల మొక్కలు కావాలని 2019లో లెక్క తేల్చారు. కంటికి హాయి కోసం నాలుగు కుండీలు పెట్టుకోండి. మనీప్లాంటు సీసాలో నీళ్లు వారం తిరగకుండా మార్చండి, లేకపోతే డెంగీ దోమను పెంచినవాళ్లవుతారు. ఆ పడమటి అద్దాల్లో రెండు పలకలు తెరుచుకునేలా చేయించండి. ఒకే మెట్ల దారి ఉన్న అంతస్తులో పొగ లేస్తే ఆ రెండు పలకలే దిక్కు. కొత్త బల్లలకు ప్లైవుడ్ కొనేటప్పుడు ఈ1 గానీ ఈ0 గానీ అని ముద్ర (ఘాటు వాయువు తక్కువగా వదులుతుందన్న గుర్తు) ఉన్నది అడగండి. చవక బోర్డు నుంచి వచ్చే ఘాటు వాసన ఫార్మాల్డిహైడ్ అనే వాయువుది, నెలల తరబడి కళ్లు మండుతూనే ఉంటాయి. భోజనం మాత్రం ఎవరి బల్ల మీద వాళ్లు తినకుండా చూడండి. క్యారియరు విప్పి పదిమంది ఒకచోట కూర్చునే ఆ అరగంట ఆఫీసులో మిగతా ఏడున్నర గంటలను మోస్తుంది.

వాస్తు అడిగారు. ఈశాన్యం తేలికగా, తెరిపిగా ఉండాలంటారు. మీ ఉత్తరపు కిటికీలతో దానికి పేచీ లేదు. యజమాని నైరుతిలో కూర్చోవాలంటారు. నిక్షేపంగా కూర్చోండి. మీ హాలులో నైరుతి అంటే అద్దాల మూల, సాయంత్రపు వేడి అంతా అక్కడికే వస్తుంది. తడకలు ఎంత తొందరగా కట్టించాలో మీకే తెలుస్తుంది.

రంగు చివర అడిగారు కాబట్టి చివరే చెబుతున్నాను. స్లాబు అడుగుకు తెలుపు, గోడలకు మెరుపు లేని లేత మీగడ రంగు, కిటికీల ఎదురుగోడకు కావాలంటే లేత ఆకుపచ్చ. ఘాటు వాసన లేని నీటి రంగులు అడిగి తీసుకోండి. వేయించాక వారం రోజులు ఎగ్జాస్టు ఫ్యానులు నడిపించి, కిటికీలు బార్లా తెరిచి ఉంచి, అప్పుడు మనుషులను తీసుకురండి. వానలు పడే రోజులైతే రెండు వారాలు.